చిన్న కేబినెట్‌లో పూర్తి కంప్యూటర్, 4వ పాఠం: ఎస్‌ఎంపీఎస్ ఎంపిక, వాట్ల లెక్క తేలాక

ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు కావాల్సిన వోల్టేజీలుగా మార్చి ఇచ్చే పెట్టె. భాగాలు లాగే వాట్లన్నీ కూడి ఎన్ని వాట్ల ఎస్‌ఎంపీఎస్ కావాలో తేల్చమని పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చాలామంది చేసి పంపారు. చదువుతుంటే ఒక సంగతి తేలింది. తడబడ్డవాళ్లంతా నాలుగే చోట్ల తడబడ్డారు. అందుకే ఈసారి చెప్పాల్సిన కూలర్ల పాఠాన్ని వెనక్కి జరుపుతున్నాను. ఎస్‌ఎంపీఎస్ తేలకుండా కూలర్ దాకా వెళ్తే, తర్వాత కొన్న ప్రతి భాగానికీ ఇదే చిక్కు చుట్టుకుంటుంది.

ముందు గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చిన లెక్క చూద్దాం. ప్రాసెసర్ రైజెన్ 5 7600కి 65, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060కి 115, మిగతావాటికి 20, మొత్తం 200. కింద ఒక ప్రశ్న: "250 వాట్లది సరిపోతుంది కదండీ?" సరిపోదు. కూడిక సరిగ్గానే ఉంది, కూడిన అంకెలే వేరు. ప్రాసెసర్ డబ్బా మీద ఉండే 65 వాట్లు కూలర్ ఎంచుకోవడానికి పనికొచ్చే అంకె. ఆ చిప్ బోర్డు నుంచి 88 వాట్ల వరకూ లాగడానికి ఏఎండీయే అనుమతి ఇచ్చింది. ఇంటెల్ ఈ విషయంలో నయం, రెండు అంకెలూ పక్కపక్కనే రాస్తుంది. ఐ5-12400కి మామూలుగా 65, టర్బోలో (చిప్ తన వేగం పెంచుకున్నప్పుడు) 117. మీ లెక్కలోకి రావాల్సింది రెండోది. ఎప్పుడూ పెద్ద అంకెనే తీసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు సంగతి ఇంకొంచెం లోతు. 4060కి రాసిన 115 వాట్లు సగటు. ఆట నడుస్తున్నప్పుడు కార్డు సెకనులో వెయ్యో వంతు పాటు దానికంటే బాగా పైకి ఎగిరి మళ్లీ దిగుతుంది. మన కంటికీ, గోడకు పెట్టే మీటరుకూ అది కనిపించదు. ఎస్‌ఎంపీఎస్‌కి మాత్రం కనిపిస్తుంది. అది తట్టుకోలేకపోతే కంప్యూటర్ ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్‌లు ఎలా ఉండాలో చెప్పే ఏటీఎక్స్ 3.0 ప్రమాణం 2022లో వచ్చింది, అందులో ఇలా పైకి ఎగరడం గురించే ప్రత్యేకంగా రాశారు. 16 పిన్నుల కార్డు కనెక్టర్ ఉన్న పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు, తమ మీద రాసిన వాట్లకు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు మోయాలని అందులో ఉంది.

నేను వాడే అడ్డదారి ఇది. కార్డు వాట్లను ఒకటిన్నరతో హెచ్చవేయండి. దానికి ప్రాసెసర్ గరిష్ఠ వాట్లు కలపండి. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు కలిపి 60 వేయండి. వచ్చిన అంకె పైన బజారులో దొరికే మోడల్ తీసుకోండి. బ్రాడీపేట లెక్క ఇప్పుడు 172, 88, 60 కలిసి 320 అవుతుంది, అంటే 450 వాట్లది. ఐ5-12400 పక్కన ఆర్‌టీఎక్స్ 4070 పెడితే, కార్డు 200 కాబట్టి 300, 117, 60 కలిసి 477, అంటే 550. రైజెన్ 7 7800ఎక్స్‌3డీ 162 వరకూ లాగుతుంది. పక్కన 320 వాట్ల ఆర్‌టీఎక్స్ 4080 ఉంటే మొత్తం 702, అంటే 750. ఎన్‌వీడియా 4060కి 550, 4070కి 650 సూచిస్తుంది కదా అని కొందరు అడిగారు. వాళ్లు మీ ప్రాసెసర్ ఏదో, మీ ఎస్‌ఎంపీఎస్ ఎంత మంచిదో తెలియకుండా అందరికీ కలిపి చెప్పాలి. మీకు రెండూ తెలుసు. అయినా నిద్ర పట్టదనుకుంటే వాళ్లు చెప్పిందే కొనండి, చెడేమీ లేదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన పటమట నుంచి వచ్చిన లెక్క ఉంది. లెక్క 320 వచ్చింది, భయపడి 1000 వాట్లది చూసుకున్నారు. మామూలు కేబినెట్ అయితే డబ్బు దండగ అని ఒక మాట అనేసి వదిలేద్దును. చిన్న సైజులో 1000 వాట్లది కొంటే, ఆ తేడా డబ్బుతో కార్డును ఒక మెట్టు పైకి జరుపుకోవచ్చు. పైగా కొన్ని మోడళ్లలో పొడవు కూడా పెరుగుతుంది. చిన్న కేబినెట్‌లో 30 మిల్లీమీటర్లు ఎంత విలువైనవో కాసేపట్లో చూస్తారు.

ఇక మూడో రకం. లెక్క సరిగ్గా వేశారు, 450 వాట్లు అని చీటీ మీద రాసుకున్నారు, గవర్నర్‌పేటలో ఒక షాపుకి వెళ్లారు, "450 ఇవ్వండి" అన్నారు. ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూస్తే రెండు ఇబ్బందులు. అది కేబినెట్‌లో దూరలేదు. దూరినా పనికిరాదు, ఎందుకంటే దాని లేబుల్ మీద 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు అని ఉంది.

పన్నెండును పద్దెనిమిదితో గుణించండి. 216. ఇప్పటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, కార్డు రెండూ తినేది 12 వోల్టుల నుంచే. 3.3, 5 వోల్టుల వైపు ఎంత ఉన్నా ఈ పనికి అక్కరకు రాదు. పాత కాలపు డిజైన్‌లో అవీ ఇవీ అన్నీ కలిపి 450 అని పెద్ద అక్షరాలతో వేశారు. మంచి 650 వాట్ల దానిలో 12 వోల్టుల దగ్గర 54 ఆంపియర్లు ఉంటుంది, అంటే 648 వాట్లు. పెట్టె మీద రాసిందంతా దాదాపు అక్కడే దొరుకుతుంది. షాపులో మీరు అడగాల్సింది ఒకటే: "లేబుల్ చూపించండి." పెట్టె పక్కన గానీ ఎస్‌ఎంపీఎస్ ఒంటి మీద గానీ ఆ పట్టిక ఉంటుంది. 12వీ1, 12వీ2 అని రెండు గడులు కనిపిస్తే వాటి ఆంపియర్లను కూడొద్దు. కింద రెంటికీ కలిపి రాసిన గరిష్ఠ వాట్లు చూడండి, అదే లెక్క. పట్టిక లేనిదాన్ని కౌంటర్ మీదే వదిలేసి రండి.

సైజు

ఎవరికీ చెప్పక్కర్లేదనుకున్న విషయం ఇది, చెప్పాల్సి వస్తోంది. ఎస్‌ఎంపీఎస్‌కి వాట్లు ఒక కొలత, ఆకారం ఇంకో కొలత. మనం అందరం చూసి ఉన్న పెద్దది ఏటీఎక్స్, 150 మిల్లీమీటర్ల వెడల్పు, 86 ఎత్తు, లోతు 140 నుంచి పైకి. చిన్న కేబినెట్ల కోసం చేసినది ఎస్‌ఎఫ్‌ఎక్స్, 125 వెడల్పు, 63.5 ఎత్తు, 100 లోతు. ఘనపరిమాణంగా చూస్తే మొదటిది 1.8 లీటర్లు, రెండోది 0.8 లీటరు కూడా లేదు. 10 లీటర్ల కేబినెట్‌లో ఒక లీటరు పోతే ఏమవుతుందో మీరే ఊహించండి. పదో వంతు స్థలం పోయినట్టు.

వీటి మధ్యలో ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ అని ఒకటుంది. వెడల్పు, ఎత్తు ఎస్‌ఎఫ్‌ఎక్స్‌వే, లోతు 130. ఆ అదనపు స్థలంలో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పడుతుంది కాబట్టి నిశ్శబ్దంగా ఉంటుంది. చాలామంది దీన్నే మెచ్చుకుంటారు. నేను మాత్రం రెండూ పట్టే కేబినెట్‌లో కూడా ఎస్‌ఎఫ్‌ఎక్స్‌నే ఎంచుకుంటాను. కారణం వైర్లు. ఎస్‌ఎంపీఎస్ వెనక కనెక్టర్లు గుచ్చాక అవి పక్కకు వంగడానికి కనీసం ఇంకో 30 మిల్లీమీటర్లు కావాలి. ఎస్‌ఎఫ్‌ఎక్స్ అయితే 130తో అయిపోతుంది, ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ అయితే 160 దాటుతుంది. ఆ తేడాలోనే మీ కార్డు చివర, లేదా కూలర్ గొట్టాలు, లేదా ముందు ఫ్యాన్ ఉంటుంది. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 లాంటి 18 లీటర్ల కేబినెట్ తీసుకున్నవాళ్లకు ఏదైనా పర్వాలేదు. అంతకంటే చిన్నదానికి వెళ్లినవాళ్లు నా మాట వినండి.

కొన్ని చిన్న కేబినెట్లు ఏటీఎక్స్‌కీ చోటిస్తాయి. ఫ్రాక్టల్ నోడ్ 304 అలాంటిదే. అక్కడ కార్డు పొడవూ ఎస్‌ఎంపీఎస్ లోతూ ఒకే స్థలం కోసం పోటీ పడతాయి. కేబినెట్ మాన్యువల్‌లో ఈ రెండు కొలతలూ విడివిడిగా కనిపించినా, రెంటినీ కలిపి చదవండి. సన్నగా పొడుగ్గా ఉండే టీఎఫ్‌ఎక్స్, ఫ్లెక్స్ రకాలు ఆఫీసుల్లో వాడే స్లిమ్ డెస్క్‌టాప్‌లకీ, సర్వర్లకీ పుట్టినవి. ఫ్లెక్స్‌లో 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ మోత పడకగదిలో భరించలేరు. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కి తప్ప వాటి జోలికి వెళ్లకండి.

మన వేడి

ఎండాకాలం గురించి ఎవరూ అడగలేదు. అది నాకు ఆశ్చర్యమే. విజయవాడలో రోహిణి కార్తె దాటనివాళ్లెవరు?

80 ప్లస్ అనే గుర్తు మీకు తెలుసు, గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత శాతం వేడిగా పోకుండా భాగాలకు అందుతుందో చెప్పేది. బ్రాంజ్, గోల్డ్, ప్లాటినం. ఆ పరీక్ష చేసేది దాదాపు 23 డిగ్రీల గదిలో. మన గదిలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. కేబినెట్ లోపల దానికి పది డిగ్రీలు కలపండి. కాబట్టి గోల్డ్ అనే మాట ఒక్కటే చూసి నమ్మడం కుదరదు. మోడల్ వివరాల్లో "పూర్తి వాట్లు ఏ ఉష్ణోగ్రత దగ్గర" అని ఒక వాక్యం ఉంటుంది. కొన్నిటికి 40 డిగ్రీలు, కొన్నిటికి 50. మన ఊళ్లకు 50 అని రాసినదే కావాలి. లోపలి కెపాసిటర్లు 105 డిగ్రీల రకం అయి ఉండాలి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు, వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాదాపు సగానికి పడిపోతుంది. 85 డిగ్రీల రకం మొదటి వేసవి గడిపినా మూడో వేసవి కష్టం.

అలాగని గోల్డ్ వద్దనడం లేదు. 300 వాట్ల భారం మీద లెక్క కట్టి చూడండి. 230 వోల్టుల దగ్గర సగం భారంలో బ్రాంజ్ 88 శాతం, గోల్డ్ 92 శాతం ఇవ్వాలి. బ్రాంజ్ గోడ నుంచి 341 వాట్లు లాగుతుంది, అందులో 41 వాట్లు ఎస్‌ఎంపీఎస్ లోపలే వేడి. గోల్డ్ 326 లాగుతుంది, వేడి 26. తేడా 15 వాట్లు. రోజుకు నాలుగు గంటలు వాడితే నెలకు రెండు యూనిట్లు కూడా మిగలవు. కరెంటు బిల్లు కోసమైతే గోల్డ్ కొనడం అనవసరం. కానీ ఆ 15 వాట్ల వేడి చేతి వెడల్పు పెట్టెలోంచి బయటికి పోవాలి, పోవడానికి ఉన్న ఫ్యాన్ చిన్నది, అది వేగంగా తిరిగితే మీకు వినిపిస్తుంది. అందుకే చిన్న సైజులో నేను గోల్డ్ కంటే కిందికి దిగను. ప్లాటినం ధర నచ్చితే తీసుకోండి, లేకపోతే బెంగ పెట్టుకోకండి.

తక్కువ భారంలో ఫ్యాన్ పూర్తిగా ఆపేసే మోడళ్లున్నాయి. ప్రకటనల్లో అదొక గొప్పగా చెబుతారు. చల్లని ఊళ్లలో బాగుంటుంది. ఉక్కపోతలో, గాలి కదలని చిన్న పెట్టెలో, ఫ్యాన్ ఆగి ఉన్నంతసేపూ కెపాసిటర్లు ఉడుకుతూనే ఉంటాయి. ఈ సదుపాయాన్ని ఆపే మీట ఉన్న మోడల్ ఎంచుకుని వేసవిలో ఫ్యాన్ నెమ్మదిగా తిరగనివ్వండి. బిగించేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ ముఖం కేబినెట్ బయటి జాలీ వైపు ఉండాలి. కార్డు వదిలే వేడి గాలిని అది పీల్చకూడదు. మిర్చి యార్డు దగ్గర ఉండేవాళ్లు, రోడ్డు పక్క ఇళ్లవాళ్లు ఆ జాలీకి దుమ్ము వడపోత పెట్టి నెలకోసారి దులపండి.

కరెంటు పోయినప్పుడు

ఇక్కడ తొందరగా చెబుతాను. 600 వీఏ అని అమ్మే యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. మన 320 వాట్ల లెక్క ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే వైపుది. గోడ వైపు అది 355 దాకా పోతుంది, పైన మానిటర్ ఉంది. కాబట్టి 1000 లేదా 1100 వీఏది కావాలి. కరెంటు పోయి యూపీఎస్ అందుకునే లోపు ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న శక్తితోనే నిలబడాలి. ఏటీఎక్స్ 3.0 ప్రకారం పూర్తి భారం మీద కూడా కనీసం 12 మిల్లీసెకన్లు. యూపీఎస్ మారడానికి పది మిల్లీసెకన్ల లోపు పడితే దాటేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాన్ని తప్పకుండా యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. రెండో మోడ్‌లో మార్పుకు ఎక్కువ సమయం పడుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లన్నీ యాక్టివ్ పీఎఫ్‌సీతో (గోడ నుంచి కరెంటును సమంగా లాగే సర్క్యూట్‌తో) వస్తాయి. వాటిలో కొన్నిటికి చవక యూపీఎస్ ఇచ్చే మెట్ల మెట్ల తరంగం పడదు. కొత్తగా కొంటుంటే ప్యూర్ సైన్‌వేవ్‌ది, అంటే గోడ కరెంటులాగే నునుపైన తరంగం ఇచ్చేది, కొనండి.

ఇంకోటి. ఇనుప కేబినెట్‌ను ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందని ఇద్దరు రాశారు. ఎస్‌ఎంపీఎస్ చెడిపోలేదు. మీ సాకెట్‌కి ఎర్త్ లేదు. లోపలి వడపోత కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేని పెట్టె 230లో సగం వోల్టేజీ దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు అతి స్వల్పం, అయినా వదిలేయకూడదు. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి నడిపేవాళ్లు ముందు దాన్ని తీసేయండి. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ చూపించండి.

పాత కేబుల్

ఇప్పుడు నాలుగోది. ఈ పాఠం తిరగరాయడానికి అసలు కారణం ఇదే.

గుంటూరు లక్ష్మీపురం నుంచి ఒకాయన రాశారు. లెక్క సరైనది, సైజు సరైనది, మంచి కంపెనీ ఎస్‌ఎఫ్‌ఎక్స్ కొన్నారు. ఎస్‌ఎఫ్‌ఎక్స్‌తో వచ్చే కేబుళ్లు పొట్టిగా ఉంటాయి, చిన్న కేబినెట్‌కని అలాగే చేస్తారు. ఆయన కేబినెట్‌లో హార్డ్‌డిస్క్ గూడు ముందు వైపు ఉంది, డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా కేబుల్ అందలేదు. ఇంట్లో పాత పెద్ద ఎస్‌ఎంపీఎస్ ఉంది, అదీ మాడ్యులరే (కేబుళ్లను ఊడదీసి మళ్లీ గుచ్చుకునే రకం), దాని సాటా కేబుల్ పొడుగ్గా ఉంది. తీసి గుచ్చారు. చక్కగా దిగింది, కొక్కెం కూడా పట్టింది. స్విచ్ వేశారు. ఎస్‌ఎస్‌డీ పోయింది, కుటుంబం ఫొటోలున్న హార్డ్‌డిస్క్ పోయింది, రెండూ ఒకే క్షణంలో.

ఎందుకిలా జరిగిందో నిదానంగా చెబుతాను, దయచేసి దాటేయకండి. కేబుల్‌కి రెండు కొసలు. హార్డ్‌డిస్క్ వైపు కొసలో 15 పిన్నులు, ఏ పిన్నులో ఏ వోల్టేజీ అనేది ప్రపంచమంతా ఒకటే. మొదటి మూడు 3.3, తర్వాత మూడు నేల (గ్రౌండ్), తర్వాత మూడు 5, మళ్లీ మూడు నేల, చివరి మూడు 12. దాన్ని ఎవరూ మార్చరు. ఎస్‌ఎంపీఎస్ వైపు కొస సంగతి ఏ ప్రమాణంలోనూ లేదు. ప్రతి కంపెనీ తనకు నచ్చిన వరసలో వైర్లు పెట్టుకుంటుంది. ప్లాస్టిక్ దిమ్మె మాత్రం చాలాచోట్ల అదే ఆరు పిన్నులది, ఎందుకంటే అది బజారులో తేలిగ్గా దొరికే భాగం. దిమ్మె ఒకటే, లోపలి వరస వేరు. ఒక కంపెనీ 5 వోల్టులు పంపే రంధ్రంలో ఇంకో కంపెనీ 12 పంపుతుంది. డిస్క్‌లో 5 వోల్టులకు చేసిన భాగం మీద 12 పడితే రెప్పపాటులో మాడిపోతుంది.

"ఎస్‌ఎంపీఎస్‌లో రక్షణలుంటాయి కదా, అది ఆగిపోవాలి కదా" అని ఆయన అడిగారు. సరైన ప్రశ్న. ఎస్‌ఎంపీఎస్ కాపలా కాసేది తన లోపలి వోల్టేజీలను. తన 12 పన్నెండుగానే ఉంది, తన 5 అయిదుగానే ఉంది. బయట కేబుల్‌లో తీగలు తారుమారయ్యాయని దానికి తెలిసే దారి లేదు. డిస్క్ మాడి పూర్తిగా షార్ట్ అయితే అప్పుడు ఆగుతుంది, అప్పటికి అంతా అయిపోయింది.

వైర్ల రంగు చూసి పట్టుకోవచ్చా అంటే, ఒకప్పుడు పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు నేల. ఇప్పుడు అన్నీ నలుపే. అందం కోసం నల్లగా చేశారు, గుర్తుపట్టే దారి మూసుకుపోయింది.

ఒకే కంపెనీ అయితే ఫరవాలేదా? లేదు. కోర్సెయిర్ తన కేబుళ్ల మీద టైప్ 3, టైప్ 4, టైప్ 5 అని ముద్రిస్తుంది. టైప్ 3, 4 మధ్య 24 పిన్నుల కేబుల్ వేరు, మిగతావి కలుస్తాయి. టైప్ 5 దిమ్మెలే వేరు. కనీసం ముద్రించారు కాబట్టి చూసుకోవచ్చు, ముద్రించని కంపెనీలే ఎక్కువ. ఒకే కంపెనీలో ఒకే వాట్లు, కానీ రెండు సిరీస్‌లు అయితే? వేరే ఫ్యాక్టరీలో చేయించి ఉండొచ్చు, వరస మారి ఉండొచ్చు. అదే మోడల్, కొత్త వెర్షన్ అయితే? కంపెనీ రాతపూర్వకంగా చెబితే తప్ప నమ్మకండి. వారంటీలో ఎస్‌ఎంపీఎస్ మార్చి ఇచ్చినప్పుడు చాలాసార్లు పెట్టె ఒక్కటే వస్తుంది, కేబుళ్లు రావు. పాత కేబుళ్లు కేబినెట్‌లో అలాగే ఉన్నాయని వాటికే తగిలిస్తారు. వచ్చినది అదే మోడల్ అయితే సరే, బదులుగా వేరే మోడల్ ఇచ్చి ఉంటే ఇదే ప్రమాదం. సెకండ్‌హ్యాండ్‌లో "కేబుళ్లు కొన్ని మిస్ అయ్యాయి, బజారులో దొరుకుతాయి" అని అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. రంగు రంగుల నేత కేబుళ్లు చేయించుకునేవాళ్లు మోడల్ పేరు మొత్తం, వెర్షన్‌తో సహా ఇవ్వండి.

ఎక్స్‌టెన్షన్ కేబుల్ మాత్రం వేరే సంగతి. దాని రెండు కొసలూ పరికరం వైపువే, రెండూ ప్రమాణం ప్రకారమే ఉంటాయి. లక్ష్మీపురం ఆయనకు కావాల్సింది సాటా ఎక్స్‌టెన్షన్, అంతే. బజారులో అతి చవక.

మల్టీమీటర్‌తో కొలిచి చూస్తే చాలదా అని ఇంజనీరింగ్ చదివేవాళ్లు అడుగుతారు. చాలుతుంది, కొలవడం వస్తే. కానీ ఇంట్లో ఇంకొకరు రేపు ఆ సంచిలోంచి ఇంకో కేబుల్ తీస్తారు. అందుకే నా పద్ధతి: కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టె తెరిచిన వెంటనే ప్రతి కేబుల్‌కీ తెల్ల టేపు చుట్టి మోడల్ పేరు రాయాలి. ఎస్‌ఎంపీఎస్ ఇంట్లోంచి వెళ్లిపోయిన రోజు దాని కేబుళ్లు కూడా దాంతోపాటే వెళ్లాలి. పేరు లేని కేబుల్ ఇంట్లో ఉండకూడదు. "పనికొస్తుందేమో" అని దాచే వస్తువు కాదది.

కనెక్టర్ల గురించి రెండు మాటలు. ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నులది 4+4గా విడిపోతుంది, కార్డుకి వెళ్లేది 6+2గా విడిపోతుంది. రెండింటిలో 12 వోల్టులు, నేల వరసలు తలకిందులు. బలవంతంగా నొక్కితే తప్ప ఒకదాంట్లో ఇంకోటి దిగదు, కాబట్టి బలవంతం చేయకండి. కార్డుకి రెండు కనెక్టర్లు కావాలంటే రెండు వేర్వేరు కేబుళ్లు వేయండి. 16 పిన్నుల కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో టార్చి వేసి చూడండి. మొదటి 35 మిల్లీమీటర్లు వంపు లేకుండా ఉండాలని కేబుల్ తయారీదారులు చెబుతారు. చిన్న కేబినెట్‌లో పక్క అద్దం దాన్ని నొక్కేస్తుంది, అద్దం బిగించే ముందే ఆ ఖాళీ కొలవండి.

అభ్యాసం

ఈసారి కాగితం మీద లెక్క కాదు. ఇది ఒక ఆదివారం మొత్తం తింటుంది, అయినా ఏదీ కొనకముందే చేయాలి.

అట్టతో మూడు పెట్టెలు చేయండి: 125 × 63.5 × 100, 125 × 63.5 × 130, 150 × 86 × 140 మిల్లీమీటర్లు. కేబినెట్ ఇంకా కొనకపోతే, మీరు అనుకున్న మోడల్ మాన్యువల్‌లోని లోపలి కొలతలతో దాన్ని కూడా అట్టతో నిలబెట్టండి. బోర్డుకి బదులు 170 మిల్లీమీటర్ల చదరపు అట్ట. కార్డుకి బదులు, మీ కార్డు పొడవు, ఎత్తు, మందంతో ఇంకో పెట్టె. ఎస్‌ఎంపీఎస్ అట్టపెట్టె వెనక 30 మిల్లీమీటర్ల దిమ్మె అతికించండి, అది కేబుళ్లు వంగే చోటు. ఇప్పుడు మూడిట్లో ఏది దూరుతుందో, దూరాక కార్డు దిగుతోందో చూడండి. తర్వాత పురికొస తీసుకుని ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డు 24 పిన్నుల దాకా, ప్రాసెసర్ 8 పిన్నుల దాకా, కార్డు దాకా, డిస్క్ దాకా నాలుగు దారులు వేయండి. అసలు కేబుల్ ఎటు తిరిగి వెళ్తుందో అటే తిప్పండి, గాల్లో అడ్డంగా లాగకండి. ప్రతి దారి పురికొసనూ సాగదీసి కొలిచి రాయండి. మీరు అనుకున్న ఎస్‌ఎంపీఎస్ వివరాల్లో కేబుల్ పొడవులు ఉంటాయి. వాటి పక్కన మీ కొలతలు రాసి, ఏది అందదో గుర్తు పెట్టండి. అందని దానికి ఎక్స్‌టెన్షన్ కావాలా, మోడల్ మార్చాలా మీరే తేల్చండి.

దాంతోపాటు ఒకే కాగితం మీద ఇవి కూడా రాసి పంపండి: అడ్డదారి లెక్కలో వచ్చిన వాట్లు, ఎంచుకున్న మోడల్‌లో 12 వోల్టుల ఆంపియర్లు, అది పూర్తి వాట్లు ఇచ్చే ఉష్ణోగ్రత, మీ యూపీఎస్ వాట్లు, మీ గది సాకెట్‌కి ఎర్త్ ఉందో లేదో. చివరి దానికి ఊహ వద్దు, టెస్టర్ తెలిసినవాళ్లతో చూపించి రాయండి. కేబుల్ కొలతలు వచ్చినవాళ్లకు మాత్రమే కూలర్ పాఠంలో నేను కూలర్ ఎత్తు సూచించగలను, ఎందుకంటే 8 పిన్నుల కేబుల్ చాలా కేబినెట్లలో సరిగ్గా కూలర్ మీదుగానే వెళ్తుంది.